తుపాను తీరం దాటాక లోపలి జిల్లాలకు హెచ్చరిక ఎలా రావాలి? (మొంథా వాన మీద)

హనుమకొండ_శ్రీను
మొంథా తుపాను 2025 అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. టీవీ చానళ్లన్నీ కాకినాడ, ఉప్పాడ, అంతర్వేది చుట్టే తిరిగాయి. "తీరం దాటింది, క్రమంగా బలహీనపడుతోంది" అనగానే మా కాలనీలో అందరం గండం గడిచిందనుకుని పడుకున్నాం. మర్నాడు పట్టిన వాన రాత్రయినా వదల్లేదు. నాలా పొంగి ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. ఫ్రిజ్, పరుపులు, పిల్లల పుస్తకాలు, నాన్న మందులు అన్నీ పోయాయి. మా జిల్లాలోనే భీమదేవరపల్లిలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లు దాటిందట. సముద్రం ఒడ్డు మాకు దాదాపు మూడు వందల కిలోమీటర్లు!

ఫోన్‌కి మెసేజ్ రాలేదని అనను, వచ్చింది. "అక్కడక్కడ భారీ నుంచి అతి భారీ వర్షాలు" అని. జూన్ నుంచి అలాంటివి చాలా వచ్చాయి. ఈసారి వచ్చింది వాటిలాంటిది కాదని మేం ఎలా కనిపెట్టాలి? అసలు బలహీనపడ్డ తుపాను ఇంత వాన ఎలా కురుస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

నర్సాపురం_లేసు
మా దగ్గర గాలి, మీ దగ్గర నీళ్లు. ఇక్కడ కొబ్బరి చెట్లు పడ్డాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, వరి నేలకు వాలిపోయింది. కానీ ఇంట్లోకి నీళ్లు రాలేదు. మీ సంగతి వార్తల్లో చూసి మా ఇంట్లో అందరం బాధపడ్డాం.

డోర్నకల్_జంక్షన్
మా స్టేషన్‌లో పట్టాలే కనిపించలేదు. రైళ్లు నిలిచిపోయాయి. తిండికీ నీళ్లకీ ప్రయాణికులు పడ్డ అవస్థ కళ్లారా చూశాను.

వేములవాడ_వినయ్
పేరు థాయ్‌లాండ్ వాళ్లు పెట్టారట. మా అమ్మకి మాత్రం ఇది ముంత తుపానే.

డోర్నకల్_జంక్షన్
@వేములవాడ_వినయ్ ముంత ఎక్కడిది అన్నా, కుండలతో పోసింది.

మేఘమాల
శ్రీను గారూ, మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. వాతావరణ శాఖ తుపానుకి పెట్టే హోదాలన్నీ గాలి వేగం లెక్కే. గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను. 62 కన్నా తగ్గితే తీవ్ర వాయుగుండం, ఇంకా తగ్గితే వాయుగుండం. ఈ మెట్లలో వాన లెక్క ఎక్కడా లేదు. "బలహీనపడింది" అంటే గాలి తగ్గిందని మాత్రమే.

గాలి ఎందుకు తగ్గుతుంది? తుపానుకి బలం వెచ్చని సముద్రం నుంచి లేచే ఆవిరి. నేల మీదకు రాగానే ఆ సరఫరా తెగిపోతుంది. పైగా చెట్లు, గుట్టలు, ఇళ్లు గాలిని ఆపుతాయి. కొన్ని గంటల్లోనే సుడి నెమ్మదిస్తుంది. కానీ అప్పటికే గాలిలో ఉన్న తేమ ఎటు పోతుంది? అది సుడితోపాటే లోపలికి వస్తుంది. ఒక పక్క గాలులు బంగాళాఖాతం మీదుగా వీస్తూనే ఉంటే ఇంకా తోడవుతూ ఉంటుంది. ఆ తేమను పైకి నెట్టేది ఏదైనా దొరికితే చాలు, కుంభవృష్టి. అది గుట్టలు కావచ్చు, ఎదురొచ్చే పొడి గాలి కావచ్చు, పైఎత్తులో ఉన్న ద్రోణి (తక్కువ పీడనపు పట్టీ) కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది కదలిక. గంటకు 25 కిలోమీటర్లు కదిలే వ్యవస్థ మీ ఊరి మీద ఎంతసేపు ఉంటుంది? గంటకు 8 కిలోమీటర్లు కదిలేది ఎంతసేపు ఉంటుంది? అదే మబ్బు, మూడింతల వాన. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందే చెన్నైని ముంచింది. ఒడ్డు పక్కనే నెమ్మదిగా పాకడమే దానికి పెద్ద కారణం.

డౌట్_మాస్టర్
అయితే టీవీలో చూపించే ఆ కొనదేలిన బొమ్మ, దారి చుట్టూ వెడల్పయ్యే గీతలు, దాని లోపల ఉంటే ప్రమాదం, బయట ఉంటే లేదనేగా అర్థం?

మేఘమాల
@డౌట్_మాస్టర్ కాదు. ఆ బొమ్మ చెప్పేది ఒక్కటే: తుపాను కేంద్రం ఈ హద్దుల్లో ఎక్కడో ఉండొచ్చు. వాన ఆ గీతలు చూసి ఆగదు. మన దగ్గర 24 గంటల ముందు చెప్పే కేంద్రం స్థానంలో సగటు తేడా ఈమధ్య 70, 80 కిలోమీటర్ల దగ్గరికి తగ్గింది. ఇది నిజంగా పెద్ద విజయం. కానీ కేంద్రం ఎటు పోతుందో సరిగ్గా చెప్పడం వేరు, వాన పట్టీ ఏ మండలం మీద కూర్చుంటుందో చెప్పడం వేరు.

2012 నీలం తుపాను గుర్తుందా? తీరం దాటింది మహాబలిపురం దగ్గర. తర్వాతి రోజుల్లో మునిగింది గోదావరి జిల్లాల పొలాలు.

బుడమేరు_పక్కిల్లు
2024 సెప్టెంబర్ 1. కళింగపట్నం దగ్గర తీరం దాటింది ఒక వాయుగుండం. పేరు కూడా లేదు. విజయవాడలో గాలికి ఒక్క కొమ్మ విరిగింది లేదు. కానీ సింగ్‌నగర్ మొత్తం నీళ్లలో ఉంది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చిందని అందరూ కృష్ణ వైపు చూశారు. మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మామూలు రోజుల్లో పిల్లలు దాటే వాగు అది.

ఖమ్మం_కోట
అదే రోజు ఇక్కడ ముంచింది మున్నేరు. ఆ నీళ్లలో ఎక్కువ భాగం పైన మహబూబాబాద్ వైపు పడిన వాన. ఖమ్మంలో ఎంత కురుస్తుందో చెప్పే సూచన చూసి లాభం లేదు, పైన ఎంత కురిసిందో చూడాలి. ఇది మా ఊళ్లో ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ప్రసాద్_కేకే
ఇంత చర్చ ఎందుకు? నేను చూసే యూట్యూబ్ చానల్‌లో కుర్రాడు 27వ తేదీనే వరంగల్ పేరు చెప్పాడు. ఒక కుర్రాడు చెప్పగలిగింది ఇంత పెద్ద వ్యవస్థ ఎందుకు చెప్పలేదు?

ఐసోబార్
@ప్రసాద్_కేకే ఆ కుర్రాడు ఇంకెన్ని జిల్లాల పేర్లు చెప్పాడో కూడా రాయండి. ఇరవై పేర్లు చెబితే ఒకటి తగులుతుంది. అంచనా మంచిదో కాదో తేలేది తగిలినదాన్ని బట్టి కాదు. చెప్పి రాని వానలు ఎన్ని, చెప్పకుండా వచ్చిన వానలు ఎన్ని అన్నదాన్ని బట్టి.

ప్రసాద్_కేకే
@ఐసోబార్ ఒప్పుకోను. ఆయన మ్యాప్ మీద వేలు పెట్టి చూపిస్తాడు, మా భాషలో చెబుతాడు, రాత్రి రెండింటికి కూడా లైవ్‌లో ఉంటాడు. "అక్కడక్కడ" అని రాసి వదిలేసే మెసేజ్ కంటే నాకు అదే పనికొస్తుంది.

ఐసోబార్
రాత్రి రెండింటికి మేలుకుని చెప్పడం నిజంగా గొప్ప సేవ, ఆ మాట కాదనను. ఎంత ముందు ఎంత కచ్చితంగా చెప్పగలం అన్నదే నా పట్టుదల.

మూడు రోజుల ముందు: కోస్తాలో ఏ భాగంలో తీరం దాటుతుంది, లోపల ఏ వైపు భారీ వాన ఉంటుంది. ఇది బాగానే చెప్పగలం. ఒక రోజు ముందు: ఉమ్మడి వరంగల్, కరీంనగర్‌లలో ఎక్కడో ఒకచోట 25, 30 సెంటీమీటర్లు పడే అవకాశం ఉంది. ఇంతవరకు చెప్పవచ్చు. భీమదేవరపల్లా, పక్క మండలమా? అది మూడు, నాలుగు గంటల ముందు రాడార్ చూసి చెప్పాల్సిందే. కుండపోత పట్టీ వెడల్పు కొన్నిసార్లు ఇరవై, ముప్పై కిలోమీటర్లే. కంప్యూటర్ అంచనా మోడల్ దేశాన్ని గళ్లుగా విడగొట్టి లెక్క కడుతుంది. 2025 మే వరకు ఆ గడి 12 కిలోమీటర్లు. ఆ నెలలో పుణె వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చాక 6 అయింది. గడి చిన్నదైతే పట్టీ ఆకారం బాగా వస్తుంది. అది సరైన చోటే కనిపిస్తుందన్న హామీ లేదు.

రాడార్ విషయం. హనుమకొండ హైదరాబాద్ రాడార్‌కి 130, 140 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, కిరణం కాస్త పైకి చూస్తుంది కాబట్టి, మీ దగ్గరికి వచ్చేసరికి అది నేలకు రెండు కిలోమీటర్లకు పైన ఉంటుంది. కింద జరిగేది పూర్తిగా కనబడదు. మచిలీపట్నం రాడార్‌కైతే మీరు దాదాపు అంచు. ఉమ్మడి వరంగల్‌కి దగ్గర్లో ఒక రాడార్ ఉంటే మూడు గంటల ముందు చెప్పే మాటకు చాలా బలం వస్తుంది. నేను ఏ చర్చలోనైనా ఈ మాట అంటూనే ఉంటాను.

హనుమకొండ_శ్రీను
మూడు గంటలు చాలు సార్ నాకు. నాన్నను అక్క ఇంటికి పంపి, మందులు, సర్టిఫికెట్లు పైఅంతస్తులో పెట్టుకునేవాణ్ని.

జమ్మికుంట_రైతు
మీకు మూడు గంటలు చాలు, నాకు చాలవు. అక్టోబర్ చివర అంటే పత్తి పగిలి చెట్టు మీద ఉంటుంది. కూలీలను పిలవాలంటే ఒక రోజు ముందు మాట్లాడుకోవాలి. వరి కోసి ఐకేపీ (ధాన్యం కొనుగోలు) కేంద్రంలో ఆరబోసినవాళ్లు పరదాలు అద్దెకు తెచ్చుకోవాలి. వాన పేరు వినగానే పరదా కిరాయి పెరుగుతుంది. హార్వెస్టర్ సంగతి సరేసరి, ఊరంతా ఒకేసారి అడుగుతుంది. నాకు 48 గంటల ముందు "పడొచ్చు" అన్నా సరే, ఎంత గట్టిగా పడొచ్చో చెప్పాలి. పదిలో మూడు వంతులు అవకాశం ఉందంటే పత్తి ఏరిస్తాను, ఎందుకంటే ఏరించినా పోయేది కూలీ ఖర్చు మాత్రమే. వరి కోత మాత్రం పదిలో ఏడు వంతులు అంటేనే తొందరపడతాను. పచ్చి వడ్లు కోస్తే తేమ ఎక్కువని కేంద్రంలో తీసుకోరు. ఒకే వానకి ఒకే రైతు రెండు నిర్ణయాలు తీసుకుంటాడు. "అక్కడక్కడ" అన్న మాటతో రెండూ తేలవు.

ఐసోబార్
@జమ్మికుంట_రైతు దీన్ని అందరూ చదవాలి. ఒకే మోడల్‌ని కొద్ది కొద్ది మార్పులతో చాలాసార్లు నడిపి, ఎన్నిసార్లు మీ జిల్లాలో 20 సెంటీమీటర్లు దాటిందో లెక్క తీయవచ్చు. ఆ పని జరుగుతూనే ఉంది. ఆ అంకె రైతు దాకా రావడం లేదు. అలర్ట్ రంగు మాత్రమే వస్తోంది.

టీచర్_అరుణ
రంగు గురించి నాదో మాట. రెడ్ అలర్ట్ అని సెలవు ఇస్తారు, ఎండ కాస్తుంది. తర్వాతిసారి తల్లిదండ్రులే నమ్మరు. పిల్లలు మాత్రం ఎప్పుడూ నమ్ముతారు, సెలవు కదా! ఇలా నాలుగుసార్లు జరిగాక ఐదోసారి నిజం వాన వస్తే ఎవరు వింటారు? జాగ్రత్త కోసం అంటూ ప్రతిసారీ పెద్ద రంగు వేయడం నాకు నచ్చదు.

నర్సాపురం_లేసు
@టీచర్_అరుణ అమ్మా, ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. మా తీరంలో ఎండ కాసినా ఎవరూ తిట్టుకోరు. 1977 నవంబర్ 19న దివిసీమలో ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా పోయారు. అప్పుడు తాటిచెట్టు పట్టుకుని బతికినవాళ్ల కథలు విని పెరిగాం. ఇప్పుడు హెచ్చరిక రాగానే షెల్టర్‌కి పోవాలని, పశువుల పలుపులు విప్పేయాలని, పడవలు ఎక్కడ కట్టాలో, గర్భిణులను ముందే ఆసుపత్రికి చేర్చాలని ఊళ్లో అందరికీ తెలుసు. హెచ్చరిక వస్తే చేయాల్సిన పని ఉంది కాబట్టి దానికి విలువ ఉంది. లోపలి జిల్లాల్లో ఆ రెండో సగం లేదు. రెడ్ అంటారు, తర్వాత ఏం చేయాలి? ఎక్కడికి పోవాలి?

టీచర్_అరుణ
అది నిజమే. మా స్కూల్లో అగ్నిప్రమాదం డ్రిల్ ఉంది, వరద డ్రిల్ లేదు.

ఘట్‌కేసర్_గణేశ్
2020 అక్టోబర్ 13. కాకినాడ దగ్గర పొద్దున తీవ్ర వాయుగుండం తీరం దాటింది. సాయంత్రానికి మా మీద ఉంది. ఇక్కడ 32 సెంటీమీటర్లు. హైదరాబాద్‌లో ఆ రాత్రి ఎలా గడిచిందో ఇక్కడున్న సగం మందికి చెప్పక్కర్లేదు.

సిక్కోలు_జీడి
తిత్లీ తుపాను వచ్చినప్పుడు (2018 అక్టోబర్ 11) మాకు గాలి, వాన రెండూ వచ్చాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పోయాయి. తోట మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. కొండ అవతల ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అక్కడికి గాలి తగ్గిపోయింది, వాన తగ్గలేదు.

వైజాగ్_కొండ
హుద్‌హుద్ చూడండి. 2014 అక్టోబర్ 12న మా ఊరిని ఊడ్చేసింది. దాని మిగులు ఉత్తరంగా పోయి 14న నేపాల్‌లో అన్నపూర్ణ దగ్గర మంచు తుపాను అయింది. నడక యాత్రకు వెళ్లినవాళ్లు, గైడ్లు 40 మందికి పైగా చనిపోయారు. విశాఖలో తీరం దాటినదానికి హిమాలయంలో.

డౌట్_మాస్టర్
గులాబ్ ఇంకా దూరం పోయింది కదా? కళింగపట్నం నుంచి ఒమన్ దాకా?

మేఘమాల
@డౌట్_మాస్టర్ అవును. 2021 సెప్టెంబర్ 26న మన దగ్గర తీరం దాటి, తెలంగాణ, మరాఠ్వాడా మీదుగా అరేబియా సముద్రంలో పడి, మళ్లీ బలం పుంజుకుని షాహీన్ పేరుతో అక్టోబర్ 3న ఒమన్‌ని తాకింది. దారి పొడుగునా వాన.

షార్లెట్_సుధ
ఇక్కడి (అమెరికా, నార్త్ కరోలినా) అనుభవం ఒకటి రాస్తాను, శ్రీను గారి మొదటి ప్రశ్నకు పనికొస్తుందేమో. 2024 సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ తుపాను ఫ్లోరిడాలో తీరం దాటింది. ఆష్‌విల్ ఊరు అక్కడికి ఆరు వందల కిలోమీటర్లు, కొండల్లో ఉంటుంది. అక్కడ ఇల్లు కొనుక్కున్న స్నేహితులు "మనకి తుపాను భయం లేదు" అనేవారు. తుపాను రాకముందే ఒకటి రెండు రోజులు వేరే వాన పడి నేల నానిపోయింది. మీద హెలీన్ వాన కొండలకు కొట్టుకుని దిగింది. నార్త్ కరోలినాలో వంద మందికి పైగా పోయారు.

అక్కడి స్థానిక వాతావరణ కార్యాలయం ముందురోజు ఎన్ని అంగుళాలో చెప్పి ఊరుకోలేదు. ఇది 1916 వరదతో పోల్చదగ్గది కావచ్చని రాసింది. ఆ కొండల్లో 1916 అంటే తాతల నాటి నుంచి చెప్పుకునే వరద. ఆ ఒక్క మాట చూసి ఇల్లు వదిలి మా ఊరు వచ్చిన తెలుగు కుటుంబం నాకు తెలుసు. అంగుళాలు వాళ్లని కదిలించలేదు, ఆ సంవత్సరం కదిలించింది. అయినా చాలామంది కదల్లేదు, అదీ నిజమే.

హనుమకొండ_శ్రీను
@షార్లెట్_సుధ ఇదే నేను అడిగేది అక్కా! మాకు "2023 జూలై లాగా" అంటే చాలు. ఆ నెలలో హంటర్ రోడ్డు ఎలా మునిగిందో, మోరంచపల్లి ఎలా కొట్టుకుపోయిందో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు.

మేఘమాల
దీనికి కలిపి ఇంకో సంగతి. భారీ అంటే 6.45 సెంటీమీటర్ల నుంచి. అతి భారీ 11.56 నుంచి. 20.4 దాటితే అత్యంత భారీ. ఆపైన ఇక మెట్టు లేదు. 21 పడినా అదే, 41 పడినా అదే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది, అదీ ఆ మెట్టులోదే. 21కి వీధిలో నీళ్లు నిలుస్తాయి, 41కి ఇల్లు వదలాలి. పైన ఇంకో మెట్టు కావాలని నా గట్టి అభిప్రాయం.

చెరువుగట్టు
నీటిపారుదలలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. ఇందాకటి నుంచి అందరూ ఆకాశం వైపే చూస్తున్నారు. కాసేపు నేల చూద్దాం.

40 సెంటీమీటర్ల వాన వంద చదరపు కిలోమీటర్ల మీద పడిందనుకోండి. ఒక మండలం కంటే తక్కువే ఆ జాగా. అంటే 4 కోట్ల ఘనపు మీటర్లు, దాదాపు 1.4 టీఎంసీ. జూన్‌లో అయితే నేల కొంత తాగుతుంది, ఖాళీ చెరువులు కొంత పట్టుకుంటాయి. అక్టోబర్ చివర నేల నిండుగా ఉంది, చెరువులు అప్పటికే మత్తడి (అలుగు, నిండితే నీళ్లు పొర్లే చోటు) దాకా ఉన్నాయి. పడిన చుక్క పడినట్టే కిందికి పరుగు. కాబట్టి జూలైలో 20 సెంటీమీటర్లకు వచ్చే వరద అక్టోబర్‌లో 12కే రావచ్చు. వాన హెచ్చరిక ఈ తేడా చెప్పదు. ఆకస్మిక వరదల సూచన అని వాతావరణ శాఖే ఇస్తుంది, వచ్చే ఆరు గంటలకు ఒకటి, వచ్చే 24 గంటలకు ఒకటి. నేల తడిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. దాన్ని చూసేవాళ్లు ఎంతమంది?

రెండోది, మనవి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు నీళ్లు కింది చెరువులోకి వస్తాయి. గొప్ప ఏర్పాటు, ఎనిమిది వందల ఏళ్లు అన్నం పెట్టింది. కానీ పైన ఒక కట్ట తెగితే కింద వరసగా ముప్పు. మధ్యలో కాలువ మీద ఇళ్లు లేచిన చోట నీళ్లు ఇళ్లలోకే పోతాయి. పెద్ద నదుల మట్టం ముందే లెక్కగట్టి చెప్పే వ్యవస్థ మనకు ఉంది. మీ నాలాకి లేదు. పై చెరువు మత్తడి మీద ఎన్ని అడుగుల నీళ్లు పోతున్నాయో గంటగంటకి ఒక మనిషి చూసి చెబితే, కింది కాలనీకి కనీసం ఒకటి రెండు గంటలు దొరుకుతుంది. దీనికి ఉపగ్రహం అక్కర్లేదు. కొలబద్ద, టార్చిలైటు, ఫోను చాలు. ఒకప్పుడు ఊరి చెరువు చూసుకునే నీరటికాడు చేసిన పనే.

జమ్మికుంట_రైతు
మా తాత నీరటికాడే. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఊరంతా ఆయన మాటే వినేది.

ప్రసాద్_కేకే
@చెరువుగట్టు సార్, మీ పోస్ట్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టుకోవచ్చా?

చెరువుగట్టు
నిరభ్యంతరంగా.

డౌట్_మాస్టర్
మామూలు మనిషి ఆ రోజు ఏం చూడాలి? ఒక వరసలో చెప్పండి ఎవరైనా.

ఐసోబార్
నేను చేసేది చెబుతాను. వ్యవస్థ తీరం దాటాక కూడా బులెటిన్ చదవడం మానను, ముఖ్యంగా "ఏ దిశగా, గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో" అన్న వాక్యం. వేగం పది లోపుకి పడిపోతే జాగ్రత్త పడతాను. తర్వాత రాడార్ బొమ్మ అరగంటకోసారి. ఒకే చోట కొత్త మబ్బులు పుడుతూ, పాతవి వరసగా ఒకే ఊరి మీదుగా పోతుంటే అదే అసలు ప్రమాదం. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నాయి, మండలాల వారీగా వాన అంకెలు ఆన్‌లైన్‌లోనే కనబడతాయి. మీ మండలం కాదు, మీ వాగుకి పైనున్న మండలాలు చూడండి. ఖమ్మం_కోట ఇందాక చెప్పింది ఇదే. సచేత్ (ప్రభుత్వ విపత్తు హెచ్చరికల) యాప్ పెట్టుకుని లొకేషన్ ఆన్ చేసి ఉంచండి.

టీచర్_అరుణ
మా పదో తరగతి పిల్లలతో ఈ నెలలో ఒక పని చేయిస్తాను. మా ఊరి వాగుకి పైన ఏ ఏ చెరువులు ఉన్నాయో మ్యాప్ గీయించి పంచాయతీ ఆఫీసు గోడకి పెట్టిస్తాను. సలహాలుంటే చెప్పండి.

చెరువుగట్టు
@టీచర్_అరుణ చాలా మంచి పని అమ్మా. ప్రతి చెరువు పక్కన దాని మత్తడి ఏ వైపో, ఆ నీళ్లు ఎక్కడికి చేరతాయో బాణం గుర్తు వేయించండి. పాత గ్రామ నక్షాలో కాలువలు ఉంటాయి, ఇప్పుడు కనబడనివి కూడా. వాటినీ గీయించండి.

హనుమకొండ_శ్రీను
అందరికీ థ్యాంక్స్. మా నాలాకి పైన మూడు చెరువులున్నాయి. వాటి గట్ల దగ్గర ఉండేవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే మెసేజ్ చేయండి. మత్తడి ఫొటో గంటకోసారి పెట్టడానికి ఒక గ్రూపు చేస్తున్నాను. బంగాళాఖాతంలో సీజన్ ఇంకా అయిపోలేదు.

కాజీపేట_లోకో
పై చెరువు గట్టు కిందే మా క్వార్టర్. నైట్ డ్యూటీ లేని రోజు నేను చూస్తా, ఉన్న రోజు మా తమ్ముడు చూస్తాడు. ఇద్దరినీ చేర్చండి.